జర్మనీకి వెళ్లింది మా వదిన, నేను కాదు

మీ మీద అధికారం ఉన్న మనిషి మీ కళ్లముందే పొరపాటు చేస్తుంటే, ఇది తప్పండీ అని ఆ మనిషి ముఖంలోకి చూసి చెప్పిన రోజు మీ జీవితంలో ఒక్కటైనా ఉందా? తొందరపడి ఉందనకండి. బయటికొచ్చాక తోటివాళ్ల దగ్గర గొణుక్కున్నది లెక్కలోకి రాదు, ఇంటికి చేరాక కట్టుకున్నవాళ్ల మీద విసుక్కున్నది అసలే రాదు, సభలో మైకు పట్టుకుని ఎదుట లేని పెద్దమనుషులను దులిపేసినది కూడా రాదు. ఆ మూడో రకం ధైర్యంతోనే నేను నా వయసంతా గడిపాను కాబట్టి దాని బరువెంతో నాకు బాగా తెలుసు.

ఈ ప్రశ్న ఊరికే పుట్టలేదు. పోయిన నెల మా అన్నయ్య కూతురి కూతురు సైబర్‌జయ నుంచి ఈ మలై దేశంలోనే ఉత్తరాన ఉన్న సుంగై పెటానిలోని మా ఇంటికి వచ్చింది. అక్కడ సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం, ఆ కంపెనీ పెద్దాఫీసు జర్మనీలో, ఆరు నెలల పని మీద ఈ పిల్లను అక్కడికి పంపుతున్నారట. వెళ్లేవాళ్లకు ముందుగా ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. జర్మన్ల ఇళ్లలో, ఆఫీసుల్లో, వీధుల్లో విదేశీయులు ఎలా మసలుకోవాలో, దేనికి వాళ్లు నొచ్చుకుంటారో, దేనికి నొచ్చుకోరో బొమ్మలతో సహా అందులో ఉంది. పిల్ల మా వరండాలో చతికిలబడి ఒక్కొక్కటీ చదువుతూ పడీపడీ నవ్వింది. నాలుగు గంటలకు రమ్మంటే నాలుగు గంటలకే వెళ్లాలి. ఆదివారం నాడు గోడకు మేకు కొట్టకూడదు. రోడ్డు మీద బండి ఒక్కటీ లేకపోయినా ఎర్రదీపం వెలుగుతుంటే దాటకూడదు. పుట్టినరోజు ఎవరిదైతే వాళ్లే కేకు తెచ్చి మిగతావాళ్లకు పెట్టాలి. పక్కన కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న మా వదిన, అంటే ఆ పిల్ల అమ్మమ్మ, ప్రతిదానికీ తల ఊపుతూ, "అవునే, మేకు కొట్టకూడదు, కొడితే కిందింటాయన పైకొచ్చేస్తాడు" అని పక్కింటి సంగతి చెప్పినంత తేలిగ్గా అంటోంది. నేను మాత్రం నవ్వలేకపోయాను. నాకు కలిగింది అసూయ. ముప్పయ్యేళ్లు దాటినా పచ్చిగా ఉన్న అసూయ. అది ఆ పిల్ల మీద లేదు. తల ఊపుతున్న మా వదిన మీద ఉంది, నన్ను వదిలేసి ఆమెను పిలిపించుకున్న ఆ దేశం మీద ఉంది.

మేము సుంగై సుమున్ దగ్గర ఎస్టేట్లో పుట్టినవాళ్లం. నాన్న ఎస్టేట్ ఆఫీసులో గుమాస్తా. దొర జీపు దూరాన కనిపిస్తే చాలు, సైకిల్ దిగి మట్టిరోడ్డు పక్కన నిలబడేవాడు. జీపు దాటిపోయి దుమ్ము అణిగాక కూడా ఇంకాసేపు అలాగే ఉండేవాడు, దొర వెనక్కి తిరిగి చూస్తే బాగుండదని. వెనక కేరియర్ మీద కూర్చున్న నాకు ఒళ్లు మండిపోయేది. ఆ మంటే పదహారో ఏట నన్ను సంస్కరణ యువజనుల చర్చా మండలికి తీసుకెళ్లింది. శనివారం సాయంత్రాలు ఎస్టేట్ పాఠశాలలో బెంచీలు రెండు వరుసలుగా తిప్పి, అటొకరు ఇటొకరు నిలబడి, జాతకాలు నిజమా కాదా, శకునం చూసి బయల్దేరడం తెలివా తెలివితక్కువా, కులం చెప్పుకోవడం గౌరవమా సిగ్గా అని వాదించుకునేవాళ్లం. ఆడపిల్లల్లో నేనొక్కదాన్నే, అయినా గొంతు నాదే పెద్దది. ఒకసారి మా నాన్న పనిచేసే ఆఫీసు గుమ్మానికి కట్టిన నిమ్మకాయల మీద ముప్పావుగంట మాట్లాడాను. అవి కట్టించినది దొర కింద పనిచేసే పెద్ద గుమాస్తా. ఆయన ఆ సభకు రాలేదని ముందే కనుక్కుని మరీ మాట్లాడాను. అప్పట్లో దాన్ని ధైర్యమనే అనుకున్నాను.

నాన్న పోయాక అన్నయ్యకు సుంగై పెటానిలో పని దొరికి, అమ్మనూ నన్నూ వదిననూ తీసుకుని అక్కడికి మారాడు. రబ్బరు తోటలు కొట్టేసి ఫ్యాక్టరీలు కడుతున్న రోజులు. అందులో ఒకటి జర్మన్లది, బండ్లకూ పంపులకూ కావలసిన రబ్బరు రింగులు చేసేవాళ్లు. ఇంగ్లీషు వచ్చు, పరీక్షలు పాసయ్యాను కాబట్టి నన్ను తనిఖీ బల్ల దగ్గర కూర్చోబెట్టారు. వదిన ఎస్టేట్ బడిలో ఆరో తరగతి దాకా చదివింది, ఆమెను వేడి అచ్చుల యంత్రం దగ్గర పెట్టారు. ఆమె శుక్రవారం ఒంటిపూట తినేది, చేతికి గుడిలో ఇచ్చిన దారం ఉండేది, పిల్లి ఎదురొస్తే ఫ్యాక్టరీ బస్సు వెళ్లిపోతున్నా రెండు నిమిషాలు ఆగి బయల్దేరేది. నేను దారి పొడుగునా ఆటపట్టించేదాన్ని. ఆమె బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ, "సరేలే అమ్మడూ, నీకు పిల్లులంటే బయం నేదు, ఒప్పుకున్నాను" అనేది. నన్ను ఇప్పటికీ అమ్మడూ అనే పిలుస్తుంది.

మా ఇంజినీరు జర్మనీ నుంచి వచ్చినవాడు, నలభై దాటినవాడు, పొడుగరి. మొదటి రోజు అలవాటు కొద్దీ అందరం లేచి నిలబడి దొరా అన్నాం. ఆయన ఆ మాటకు అర్థం కనుక్కుని, అలా పిలవొద్దు, మిస్టర్ అని ఇంటిపేరుతో పిలవండి చాలు అన్నాడు. ముఖం మీద మిస్టర్ అనేవాళ్లం, ఆయన అటు తిరగ్గానే మళ్లీ దొరే. ఎనిమిదింటికి మీటింగంటే ఎనిమిదింటికి మొదలుపెట్టేవాడు, గదిలో ఎవరూ లేకపోయినా సరే. ఒకరోజు నేను ఎనిమిదీ ఏడుకు వెళ్లేసరికి ఖాళీ కుర్చీలకు సగం విషయం చెప్పేసి ఉన్నాడు. సాయంత్రం అయిదవగానే పెన్ను మూత పెట్టి, ఈ రోజుకు పని అయిపోయింది అని నిర్భయంగా ప్రకటించి వెళ్లిపోయేవాడు. మా సూపర్‌వైజర్లు ఆరున్నర దాకా ఏ పనీ లేకుండా కాగితాలు అటూ ఇటూ తిప్పుతూ కూర్చునేవాళ్లు, ముందుగా లేచిన వాడికి పని మీద శ్రద్ధ లేదనుకుంటారని. అంత తేలిగ్గా లేచి వెళ్లిపోగలిగిన ఆ మనిషిని చూస్తే నాకు ఎంత కుళ్లుగా ఉండేదో చెప్పలేను.

ఆ ఏడు దీపావళికి ఆయన్ను మా ఇంటికి పిలిచాం. నాలుగు గంటలకు రమ్మన్నాను. మన లెక్కలో నాలుగంటే ఏమిటో మీకు తెలుసు, అయిదున్నరకు ముందు వచ్చినవాళ్లకు కుర్చీ కూడా తుడిచి ఉండదు. నాలుగు కావడానికి ఇంకా అయిదు నిమిషాలు ఉందనగా అమ్మ తడి జుట్టుతో కిటికీ దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చింది.

"ఎవడో తెల్లోడే, గేటు కాడ నిలబడి గడియారం సూసుకుంటన్నాడు. లోనికి రాడు, ఎల్లిపోడు. మీ అన్న ఏటి సేసినాడు?"

ఆయన ముందుగా చేరినందుకు బయటే ఆగి, సరిగ్గా నాలుక్కి గంట కొట్టాడు. చేతిలో పువ్వులు, వాటికి చుట్టిన కాగితం విప్పి, కాగితం జేబులో పెట్టుకుని, పువ్వులు మాత్రం అమ్మకు ఇచ్చాడు. బూట్లు విప్పి, సంచీలోంచి తన సొంత ఇంటి చెప్పులు తీసి తొడుక్కున్నాడు. ఇంట్లో చెప్పులేసుకోవడమేమిటని అమ్మ నా వైపు చూసింది, బూట్లు విప్పాను కదా ఇంకేం కావాలని ఆయన నా వైపు చూశాడు, నేను గోడ వైపు చూశాను.

అసలు కథ భోజనం దగ్గర. మా అమ్మ దృష్టిలో ఖాళీ అయిన కంచం ఇంటికి అవమానం, కాబట్టి ఆయన తినేకొద్దీ వడ్డించింది. ఆయన దేశంలో కంచంలో వదిలేయడం వండినవాళ్లకు అవమానం, కాబట్టి ఆమె వడ్డించేకొద్దీ తిన్నాడు. చేపల పులుసు నాలుగుసార్లు వెళ్లింది. ఆయన ముఖం ఎర్రబడి చెమటలు కారుతున్నా ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు. చివరికి అన్నయ్య గిన్నె తీసేస్తే ఆగింది. అప్పుడు అమ్మ, ఎలాగుందో అడగవే అంది. అడిగాను. మన ఇళ్లలో ఆ ప్రశ్నకు జవాబు ఒక్కటే, అది అడగకముందే తయారుగా ఉంటుంది. ఆయన మాత్రం కళ్లు దించుకుని నిజంగా ఆలోచించి, చేప బాగుంది, పులుపు చాలా బాగుంది, ఉప్పు మరీ ఎక్కువైంది అని ఇంగ్లీషులో చెప్పాడు. నేను అమ్మ వైపు తిరిగి, చాలా బాగుందంటున్నాడు అన్నాను.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ వదిన మెల్లగా, "ఉప్పెక్కువ అన్నాడు కదేటి" అంది.

అమ్మ గరిటెతో కొంచెం పులుసు అరచేతిలో పోసుకుని నాలికకు రాసుకుని, "నిజవే" అని, ఆ తర్వాత చాలాసేపు ఆలోచించి, "మరైతే నాలుగుసార్లు ఎలాగ తిన్నాడే?" అని అడిగింది. అన్నయ్య నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్లిపోయాడు. నాకు మాత్రం ఆ రోజు తల కొట్టేసినట్టయింది. ఇంటికి పిలిచి పెడితే వంక పెట్టాడని, మర్యాద తెలియని జాతి అని వారం రోజులు మండిపడ్డాను. ఆయనకు అలాంటిదేమీ లేదు. మర్నాడు నా బల్ల దగ్గరికి వచ్చి అమ్మకు ధన్యవాదాలు చెప్పమని, పులుసు ఎలా చేస్తారో రాసిమ్మని అడిగాడు. నెల తిరక్కుండా మళ్లీ వచ్చి ఉప్పు తగ్గిన పులుసు తిని, ఈసారి సరిగ్గా ఉందన్నాడు. అమ్మ ఆ ఒక్క మాటను చచ్చిపోయేదాకా చెప్పుకుంది. మేం అందరం బాగుందని ముప్పయ్యేళ్లు చెప్పిన మాట ఆమె ఒక్కసారి కూడా చెప్పుకోలేదు.

ఆ నెలలోనే ఒకరోజు బస్సుకోసం నిలబడినప్పుడు వదిన, "ఆ మనిషి కాడ నిజం సెప్పొచ్చు అమ్మడూ. సెప్తాడు, మర్సిపోతాడు. మనం సెప్పినా అంతే అయ్యుంటాది" అంది. ఆరో తరగతి చదివిన మనిషి జర్మన్ల గురించి నాకు చెప్పేదేమిటి అనుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆ తర్వాతి ఏడు పెద్దాఫీసు నుంచి కబురొచ్చింది. ఇక్కడి నుంచి ఒక్కరిని ఆరు నెలల శిక్షణకు జర్మనీ పిలిపిస్తారు, తిరిగొచ్చి మిగతావాళ్లకు నేర్పాలి, ఎవరన్నది ఇంజినీరే తేల్చాలి. ఫ్యాక్టరీలో ఎవరినడిగినా నా పేరే చెప్పారు. నేనూ అదే చెప్పుకున్నాను. పినాంగ్ వెళ్లి ఒక ఉన్ని స్వెటర్ కొనుక్కొచ్చి, ఈ ఎండల్లో అద్దం ముందు తొడుక్కుని చూసుకున్నాను కూడా. ఆ దేశంలో మనిషి మనిషితో తలెత్తి మాట్లాడతాడని విన్నాను. దొర జీపు దాటిపోయినా నిలబడే ఉన్న తండ్రికి పుట్టినదాన్ని, ఆ గాలి ఒక్కసారి పీల్చాలన్న కోరిక నాకు ఎంత ఉండేదో మీరు ఊహించుకోండి.

అదే సమయంలో రింగులు పాడవుతున్నాయి. కొన్ని రోజులు శుభ్రంగా వచ్చేవి, కొన్ని రోజులు మీద చిన్న చిన్న పొక్కులతో వచ్చేవి. ఏ రబ్బరును ఎంత వేడిలో ఎన్ని నిమిషాలు ఉంచాలో ఇంజినీరు తన దేశంలో తయారుచేసి తెచ్చిన పట్టిక గోడకు వేలాడుతుండేది, అందరూ దాని ప్రకారమే చేసేవాళ్లు. పొక్కులు వానపడ్డ ఉదయాల్లోనే వస్తున్నాయని నేను కనిపెట్టాను. షట్టరు పక్కన పేర్చిన రబ్బరు పలకలు చెమ్మ పీలుస్తాయి, ఆయన దేశపు పట్టికలో మన వానకు చోటు లేదు. తెలుసు కాబట్టే నా తనిఖీ పట్టీలో ఆ రోజుల పక్కన పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టుకునేదాన్ని. కానీ కారణం రాయవలసిన గడిలో మాత్రం ప్రతిసారీ యంత్రం దగ్గరివాళ్ల చేతి పొరపాటు అనే రాశాను. పట్టిక తప్పని రాస్తే అది తెచ్చినవాడు ఏమనుకుంటాడో, జర్మనీ ప్రయాణం ఏమవుతుందో అని. ఆ యంత్రం దగ్గరివాళ్లలో మా వదిన ఒకతె. ఆ పొరపాట్లకు మందలింపులు వాళ్లకే వచ్చేవి.

ఒక సోమవారం ఇంజినీరు అందరినీ పట్టిక ముందు నిలబెట్టి, ఇందులో తప్పేముందో చెప్పండి అన్నాడు. తప్పుందా అని అడగలేదు చూడండి, ఏముంది అని అడిగాడు. ఎవరూ మాట్లాడలేదు. మన దగ్గర పెద్దవాడు అలా అడిగితే అది ఉచ్చు అని పుట్టగానే నేర్పేస్తారు. ఆయన నా వైపు తిరిగి, మీరు రోజూ రింగులు చూస్తారు, మీరు చెప్పండి అన్నాడు. నిమ్మకాయల మీద ముప్పావుగంట మాట్లాడిన నోటితో నేను, పట్టిక చాలా బాగుంది సర్ అన్నాను. పక్కన మలై సూపర్‌వైజరు బోలే, బోలే అని, అంటే అలాగే చేయొచ్చని, తల ఊపాడు. అప్పుడు ఆయన వదినను అడిగాడు. ఆమెకు ఇంగ్లీషు అంతగా రాదు. పట్టిక దాకా నడిచి, దాని మీద వేలు పెట్టి, "సలా, మిస్టర్" అంది. మలైలో తప్పు అని. తర్వాత వాన పడుతున్నట్టు చేత్తో చూపించి, తన యంత్రం పక్కన వెచ్చటి మూలలో వేరుగా పేర్చుకున్న పలకలు చూపించింది. మందలింపులు తిన్నాక వానరోజుల్లో ఆమె ముందు వాటిని అక్కడ ఆరబెట్టి అప్పుడు అచ్చులో పెడుతోందట. ఆయన ఆ మూలకు వెళ్లి, పలకలు ముట్టుకుని చూసి, మోకాళ్ల మీద కూర్చుని వాసన కూడా చూసి, లేచొచ్చి గోడ మీది పట్టికను అందరి ముందూ దింపేశాడు. ఆయన ముఖం చిన్నబోలేదు. తప్పిపోయిన వస్తువేదో దొరికినవాడిలా ఉన్నాడు. ఆ ముఖం చూసి నేను పడ్డ అసూయ మరే మనిషి ముఖం చూసీ పడలేదు.

జర్మనీకి వదిన పేరు వెళ్లింది. ఆయన నన్ను పిలిచి కారణం కూడా ఎదురుగానే చెప్పాడు. వాన రోజుల పక్కన మీరు పెట్టిన చుక్కలు చూశాను, మీకు అందరికన్నా ముందు తెలుసు, తెలిసినది చెప్పనివాళ్లను నేను అక్కడికి పంపలేను, అన్నాడు. కోపం లేదు, వెక్కిరింత లేదు. చెప్పేసి చెయ్యి కలిపి, క్యాంటీన్లో ఈ రోజు కోడికూర బాగుంది, తిన్నారా అని అడిగాడు. తిట్టినా బాగుండేది, తిరిగి తిట్టుకోవడానికైనా ఉండేది.

వదిన నా స్వెటర్ తొడుక్కుని జర్మనీ వెళ్లింది. ఎనిమిదేళ్ల కూతుర్ని నాకప్పగించి వెళ్లింది. ఆ పిల్లకు అన్నం పెడుతూ, జడలేస్తూ, నెలకోసారి వచ్చే ఉత్తరం అమ్మకు చదివి వినిపిస్తూ నేను ఆ ఆరు నెలలూ కాలిపోయాను. ఎస్టేట్ బడి తెలుగు, అక్షరాలు ఒకటి పెద్దది ఒకటి చిన్నది, కానీ ప్రతి ఉత్తరంలోనూ ఒక వింత ఉండేది. మంచు పడుతుంటే కూడా పొద్దున్నే కిటికీలు బార్లా తెరిచి గదికి గాలి పెడతారట. రాత్రి పొయ్యి వెలిగించకుండా చల్లటి రొట్టే జున్నూ తిని దాన్ని భోజనం అంటారట. చెత్తకు నాలుగు రంగుల డబ్బాలు, తప్పు డబ్బాలో వేస్తే ఇంటావిడ తీసి మళ్లీ తెచ్చి ఇస్తుందట. ఖాళీ రోడ్డు దాటబోతే ఒక ముసలావిడ కర్రతో అడ్డుకుని, పిల్లలు చూస్తున్నారు అని మందలించిందట. ఒకే బల్ల దగ్గర ఇరవయ్యేళ్లుగా కూర్చునే ఇద్దరు ఇప్పటికీ ఒకరినొకరు ఇంటిపేరుతో మీరు అనే పిలుచుకుంటారట. గ్లాసులు తాకించేటప్పుడు కళ్లలోకి చూడకపోతే దోషమట, అందుకని ఆమె ఆపిల్ రసంతో వరుసగా పదకొండుమంది కళ్లలోకి చూసిందట.

ఒక ఉత్తరం మాత్రం నాకు పండగ చేసింది. మర్నాడు సెలవు కదా అని ఫోర్‌మన్‌కు ఒకరోజు ముందుగా పుట్టినరోజు శుభాకాంక్షలు చెబితే, ఆయన ముఖం పాలిపోయి రెండు చేతులూ అడ్డం పెట్టాడట. ముందుగా చెబితే కీడట. చూశావా, పిల్లి ఎదురొస్తే ఆగే నువ్వూ ఆ యంత్రాలు చేసే దేశమూ ఒక్కటే అని ఆరు పేజీల జవాబు రాశాను, మూఢనమ్మకాల మీద నేను రాసినవాటిలో అదే గొప్పదని ఇప్పటికీ నా నమ్మకం. వదిన మూడు వరుసల్లో జవాబిచ్చింది. ఎందుకు కీడు అని ఫోర్‌మన్‌నే అడిగాను, ఆయన నవ్వేసి, కారణం లేదు, మా అమ్మ అనేది, అన్నాడు. అడిగినందుకు ఎవరూ కోప్పడలేదు అమ్మడూ. అంతే రాసింది. ఆ చివరి మాట చదివి ఉత్తరం మడిచేశాను, అమ్మకు ఆ వరుస వినిపించలేదు.

ఆ కడుపుమంటలో నేనొక పని చేశాను. పెళ్లిళ్లలో, పేరంటాల్లో బంధువులు వదిన జర్మనీ వెళ్లిందట కదా అని అడిగితే, చిన్నగా నవ్వి, దొరకు మా ఇంటి చేపల పులుసు బాగా నచ్చిందండీ అనేదాన్ని. అంతకు మించి ఒక్క ముక్క అనేదాన్ని కాదు. మిగతాది వినేవాళ్లే పూర్తిచేసుకునేవాళ్లు. తిరిగొచ్చి వదిన ఇరవయ్యేళ్లు కొత్తవాళ్లకు పని నేర్పింది, సూపర్‌వైజర్ అయింది, రిటైరయింది, శుక్రవారం ఒంటిపూట ఇప్పటికీ మానలేదు. నేను అణకువ అనే బానిసత్వం మీద వ్యాసాలు రాశాను. చాలామంది మెచ్చుకున్నారు.

పోయిన నెల వరండాలో ఆ పిల్ల పుస్తకం మూసి, ఇక్కడి పిల్లల అలవాటు కొద్దీ మాట చివర ఒక లా తగిలించి, ఉన్నట్టుండి అడిగింది.

"మామ్మా, నీ ఇంగ్లీషే కదా గుడ్. అమ్మమ్మని ఎందుకు పంపినారు లా?"

పులుసు మాట నాలిక చివరి దాకా వచ్చింది, అలవాటు అలాంటిది. వదిన చేతులు చిక్కుడుకాయల మీద ఆగిపోయాయి. ఆ చేతులు చూశాక ఆ మాట మింగేశాను. చుక్కల సంగతి చెప్పాను. చేతి పొరపాటు అని రాసిన సంగతి చెప్పాను. చుట్టాల్లో నేను పుట్టించిన మాట కూడా, వదిన అక్కడే ఉండగా, చెప్పేశాను. చెప్పడానికి పది నిమిషాలు పట్టింది, దానికి ముందు ముప్పయ్యేళ్లకు పైగా పట్టింది.

వదిన ఒక కాయ ఈనె తీసి పక్కన పడేసింది.

"సుక్కలు నాకప్పుడే తెలుసు. ఆయన నాకూ సూపించినాడు. మీ ఆడపడుసు ఎందుకు సెప్పలేదు అనడిగితే, దానికి బయం మిస్టర్, నోరు పెద్దదే గాని బయం అన్నాను."

"పులుసు మాట?"

"అదీ తెలుసు. పులుసు ఒండింది మీ అమ్మ, పేరు నాకొచ్చింది. పోన్లే. నువ్వే ఎప్పుడో సెప్తావని సూసినాను, నువ్వు సెప్పలేదు, నేనేటి సేసేది?"

నిలదీసి ఉంటే వాదించి ఉండేదాన్ని, నాకు వాదన వచ్చు. ఆమె గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. నేను తేరుకోవడానికి ఆ పిల్ల వైపు తిరిగి, నీ పుస్తకంలో చివర ఏముంది చదువు అన్నాను. పని బాగాలేకపోతే బాగాలేదని సూటిగా చెప్పాలి, చెబితే వాళ్లు గౌరవంగా తీసుకుంటారు అని ఉంది. అయితే ఇప్పుడే మొదలుపెట్టు, నాలో ఒక తప్పు చెప్పు అన్నాను. ఓకే లా మామ్మా, ఏమీ లేదు అంది. లేకపోవడమేమిటి, చెప్పు అన్నాను. నువ్వు చాలా గుడ్ మామ్మా అంది, పట్టిక ముందు నిలబడ్డ నా గొంతే అది. నేను పట్టుబట్టాను. పిల్ల తల దించుకుంది. తెలుగులో మొదలుపెట్టి, మాట దొరక్క ఆగి, మళ్లీ మొదలుపెట్టింది.

"మామ్మా, నువ్వు అడుగుతావు. కానీ ఆన్సర్ వచ్చేదాకా ఉండవు. చిన్నప్పుడు నీతో ఏదైనా చెప్పాలంటే, నేనూ అమ్మా ఇంట్లో ప్రాక్టీస్ చేసుకుని వచ్చేవాళ్లం. వచ్చినాక కూడా సగమే చెప్పేవాళ్లం."

అమ్మా అంటే ఆ ఆరు నెలలూ నేను అన్నం పెట్టి పెంచిన ఎనిమిదేళ్ల పిల్ల. నోరు తెరిచాను. జవాబు తయారుగానే ఉంది, ఒకటి కాదు మూడున్నాయి. మూశాను.

ఆ పిల్ల వెళ్లి రెండు వారాలైంది. సుంగై సుమున్‌లో మేం బెంచీలు తిప్పిన బడి ఇప్పుడు లేదు, ఆ శనివారం సాయంత్రాలు లేవు, ఆ చర్చలు చేసినవాళ్లలో సగంమంది లేరు. ఈ మలై దేశపు తెలుగువాళ్లం కలిసినప్పుడల్లా పిల్లలు తెలుగు మరచిపోయారని, వింటే అర్థమవుతుంది గాని పలకరని వాపోతుంటాం. నేనూ వాపోయాను, దాని మీద వ్యాసం కూడా రాశాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ పిల్లకు మేం ఇచ్చిన తెలుగులో అన్నం తిను అనే మాట ఉంది, నిద్రపో, దండం పెట్టు, పెద్దవాళ్లతో ఎదురు మాట్లాడకు అనే మాటలు ఉన్నాయి. నువ్వు తప్పు మామ్మా అనే మాట మాత్రం మా ఇంట్లో ఎవరూ ఆమెకు నేర్పలేదు. దాన్ని నేర్చుకోవడానికి అంత దూరం విమానమెక్కబోతూ, ఒక పరాయి దేశం అచ్చువేసిన పుస్తకం చదవవలసి వచ్చింది. అసూయ పడటానికి నాకు ఇంతకన్నా ఏం కావాలి? మా దొర పుట్టిన ఊళ్లో ఏ ఇంటి పిల్లయినా భోజనాల బల్ల దగ్గర, ఉప్పెక్కువైంది అమ్మమ్మా అంటుంది, ఆ అమ్మమ్మ ఈసారి తగ్గిస్తానంటుంది. నేను పోగొట్టుకున్నది స్వెటరూ ప్రయాణమూ కాదు, ఇది.

నా వయసువాళ్లకే ఈ మాట చెబుతున్నాను, చిన్నవాళ్లు ఇది చదవరు. మన పైవాళ్లు ఇప్పుడు ఎవరూ మిగల్లేదు, వాళ్లకు ఎదురు చెప్పే అవకాశం మనకు దాటిపోయింది. ఇప్పుడు ఇంట్లో పైవాళ్లం మనమే. ఈ ఆదివారం మీ ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, నాలో ఏం తప్పుందో చెప్పమని అడగండి. ఏ భాషలో చెప్పినా వినండి. వాళ్లు ముగించి లేచి వెళ్లేదాకా నోరు తెరవకండి.